అత్త పిడికెడు బియ్యం

అత్త పోయిందని నిజామాబాద్ దవాఖాన నుంచి మా ఆయన కబురు తెచ్చిన పొద్దు, నేను పొయ్యి ముందర ఉన్నాను. బియ్యం కడుగుతున్న చెయ్యి అట్లాగే నీళ్ళలో ఉండిపోయింది.

ఆమె పెద్ద భక్తురాలని ఈ జ్ఞాపకార్థ కూడికలో మీరందరూ అంటున్నారు. ఆమె ప్రార్థన మాత్రం చాలా చిన్నది. చెరుకు చేలో కలుపు తీసే కూలికి పోయేముందు కొంగు నడుముకు చెక్కుకుంటూ, "ప్రభువా, ఇయ్యాల నన్ను జూసి నువ్వు సిగ్గుపడొద్దు" అనేది. అంతే.

పక్కింటి అక్క నవ్వేది. "కైకిలికి పోతపోత దేవునితోని ముచ్చట పెడ్తవా పెద్దమ్మా?"

"వడ్రంగి ఇంట్ల పెరిగినోడు గదనే! పని సంగతి ఆయనకు సమజైతది."

వండిన ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం తీసి మట్టి గురిగిలో వేసేది. ఆదివారం అవి చర్చికి పోయేవి. ఒక వానాకాలం, ఫ్యాక్టరీలో చెరుకు ఆడటం ఆగి మా ఆయనకు పని లేనప్పుడు, చంటిదానికి జావ కాయడానికి ఆ గురిగిలోంచి మూడు పిడికిళ్ళు తీశాను. అడిగితే అత్తే ఇచ్చేది. అడగడానికి నాకు నోరు రాలేదు.

ఆదివారం గురిగి చేత్తో ఎత్తి చూసి నిలబడిపోయింది. "నేనే ఎయ్య మర్సిన్నేమొ" అంది. నేను పిల్లకు గౌను తొడుగుతూ తల ఎత్తలేదు. చర్చిలో అందరి ముందూ లేచి, దేవుని పిడికెడు మరిచానని క్షమాపణ అడిగింది. నేను వెనక కూర్చుని కొంగు ముందుకు లాక్కున్నాను. ఆ రోజు ఆమె మాట విన్నవాళ్ళు మీలో ఉంటే తెలుసుకోండి, ఆమె మరవలేదు.

అప్పటినుంచి ఆమెకు తన మతి మీద నమ్మకం పోయింది. రోజూ పొయ్యి దగ్గర నన్నే అడిగేది.

"ఏసిన్నా బిడ్డా?"

"ఏసినవ్ అత్తమ్మా."

"నయం, నీకైన యాదికుంటది."

దవాఖానకు తీసుకుపోయే ముందురోజు మధ్యాహ్నం, కాళ్ళు ఒత్తుతూ చెప్పాను. "అత్తమ్మా, గప్పుడు నువ్వు మర్వలే. ఆ బియ్యం నేనే తీసిన."

నన్ను చూసి నవ్వింది. "పొయ్యే ముంగట నా మనసు సల్లవడాల్నని, నా తప్పు నీ మీదేసుకుంటున్నవా, పిచ్చిదానా!"

"కాదత్తమ్మా..." అన్నాను. గట్టిగా ఇంకోసారి చెప్పవలసింది. చెప్పలేదు.

ఆమె నా తలమీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుంది. "ప్రభువా, నా కోడలి అసొంటి మనసు నాగ్గూడ ఇయ్యి" అని, అట్లాగే నిద్రపోయింది. ఎండ గడప దాటి మంచం కోడు దాకా వచ్చేవరకు, ఆ చెయ్యి కింద నేను తల వంచుకునే కూర్చున్నాను.