ఎత్తిపోతల దారిలో మాయమైన నొప్పి

నా కింది దవడలో ఒక పన్ను ఊడితే పక్క పన్ను ఆ ఖాళీలోకి వాలింది. అది నిలబడితేనే కట్టుడు పన్ను పెట్టగలనని నరసరావుపేట పళ్ల డాక్టరమ్మ అలైనర్లు ఇచ్చింది. అద్దంలాంటి ప్లాస్టిక్ తొడుగులు. తినేటప్పుడు తప్ప తీయకూడదు. తీసి వదిలేస్తే పన్ను మళ్లీ వాలుతుందట. ఈ వయసులో ఇవేమిటని నవ్వుతారని ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. మొన్న శనివారం మా ఆవిడ పోరు పడలేక ఎత్తిపోతల జలపాతం చూడ్డానికి బయలుదేరాం. ఆ ఉదయమే కొత్త తొడుగు మార్చుకున్నాను. కొత్తది మొదటి రెండు మూడు రోజులు పళ్లను నొక్కి నొప్పి పెడుతుంది. అది నా తప్పు.

రొంపిచర్ల నుంచి నరసరావుపేట చేరి ఎనిమిదిన్నరకు మాచర్ల బస్సెక్కాం. నాకు టికెట్టు నూట యాభై దాకా అయింది, ఆవిడకు ఉచితం. పిడుగురాళ్ల దాటేసరికి దవడ బిగిసింది. గురజాల దగ్గర బస్సు కుదిపినప్పుడల్లా తొడుగు అంచు బుగ్గను గీరింది. డాక్టరమ్మ ఇచ్చిన మైనం అంచుకు అద్దాను. చల్లటి నీళ్లు నోట్లో పట్టుకుంటే కాస్త నయం.

"ఏమయ్యా, మాట్లాడవేంది?" అంది ఆవిడ.

"నొప్పి."

"లేనప్పుడు చానా మాట్లాడినట్టు!"

మధ్యాహ్నం మాచర్లలో భోజనానికి కూర్చున్నాం. తొడుగు పెట్టె ఆవిడ సంచిలో ఉంది. నలుగురిలో అడగడానికి సిగ్గేసి, తొడుగు తీసి కాగితంలో చుట్టి, ఆకు మీద అప్పడం చాటున పెట్టాను. పప్పన్నం, పెరుగన్నం మింగాను. అలవాటుగా ఆకు మడిచి లేచాను.

ఎత్తిపోతలకు పోనూ రానూ ఆరు వందలకు ఆటో కుదిరింది. సగం దారిలో నొప్పి తగ్గి హాయిగా అనిపించింది. నాలుక ఆడించాను. ఒట్టి పళ్లు తగిలాయి.

"ఆపు బాబూ! పళ్లు... హోటల్లో..."

"కట్టుడు పళ్లా బాబాయ్? మా నాయన రెండు సెట్లు పారేశాడు!" అంటూ డ్రైవరు ఆటో తిప్పాడు.

హోటలు వెనక తొట్టి నిండా మడిచిన ఆకులు. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి.

"ఇన్నిట్లో నీ ఆకేదో ఎట్టా తెలిసిద్ది? ఏం వదిలావు?" అంది వంటామె.

"బుగ్గ మండుతుంటే పచ్చడి ముట్టలేదమ్మా. మునక్కాడలూ నమల్లేదు."

"మాచర్లలో పండుమిరప పచ్చడి వదిలినోడివి నువ్వొక్కడివే ఉంటావు!"

ఆమే నేనూ కలిసి ఒక్కో ఆకూ విప్పాం. తొమ్మిదో ఆకులో ఎర్రగా పచ్చడి, నమలని మునక్కాడలు, పక్కనే కాగితం ఉండ. ఆమె వేడినీళ్లు తెచ్చింది.

"వద్దమ్మా, వంగిపోద్ది!" అని అరిచాను. నా గొంతు అంత ఉందని మా ఆవిడకు అప్పుడే తెలిసింది. చన్నీళ్లతో, సబ్బుతో తోమి పెట్టుకున్నాను.

మూడింటికి ఎత్తిపోతల చేరాం. ఆవిడ నీళ్లను చూస్తోంది, నేను నిమిషానికోసారి నాలుకతో తొడుగు తడుముకుంటున్నాను. "ఇంకా నొప్పేనా?" అంది. "ఉంది" అన్నాను. పొద్దుట శాపనార్థాలు పెట్టిన ఆ నొప్పే, ఇప్పుడు తొడుగు దాని చోట్లోనే ఉందని చెబుతోంది.

మీరూ ఇలాంటి తొడుగులతో బయలుదేరితే, పెట్టె మీ చొక్కా జేబులోనే ఉంచుకోండి.