సారు ఎటు పోయిండు?

మా ఎదురింటి కంపౌండర్ సారు పోయారు. పోయిన సోమవారం పొద్దున చాయ్ తాగుతూ కుర్చీలోనే ఒరిగిపోయారట. ఆయన కోడలు మా గుమ్మంలో నిలబడి ఏడుస్తూ చెబుతుంటే నాకు తట్టింది ఒక్కటే: ఇప్పుడు తమ్ముడికి ఎట్లా చెప్పాలి? అంత మంచి మనిషి పోతే నా మొదటి ఆలోచన ఇదా అని సిగ్గేసింది. ఆ చిక్కు ఇప్పటికీ వీడలేదు.

నర్సంపేట రోడ్డు మీద బండి మీంచి పడి తమ్ముడి తలకు దెబ్బ తగిలి నాలుగేళ్లయింది. దవాఖానలో ఆపరేషన్ చేసి ప్రాణం నిలబెట్టారు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. తెచ్చాక ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. పాత సంగతులన్నీ వాడికి గుర్తే. పొద్దున చెప్పింది మాత్రం మధ్యాహ్నానికి ఉండదు. చుట్టాలు నెలరోజులు పండ్లు తెచ్చి మానేశారు. రిటైరైన సారు మాత్రం రోజూ నాలుగింటికి వచ్చేవారు.

కుర్చీ తమ్ముడే వేయాలి, నేను వేస్తే కూర్చునేవారు కాదు. ఒకరోజు వాడు దాన్ని గోడవైపు తిప్పి వేస్తే, గోడను చూస్తూనే చాయ్ తాగారు మహానుభావుడు. నోటుబుక్కు అలవాటు చేసిందీ ఆయనే. గుర్తుండాల్సింది ఏదైనా వాడి చేత్తోనే రాయించాలి; మన మాట నమ్మకపోయినా తన రాత తాను నమ్ముతాడనేవారు. ఇవన్నీ దవాఖాన నుంచి పంపేటప్పుడే ఇంటివాళ్లకు నేర్పాలని కనిపించిన డాక్టరుకల్లా చెప్పేవారు. ప్రతి వీధికీ ఒక కంపౌండర్ సారు ఉండరు కదా.

అన్నం తిన్నానా అని తమ్ముడు ఆరోసారి అడిగితే ఒకసారి కసిరాను. సారు మెల్లగా అన్నారు: "నీకు ఆరోసారి బిడ్డా. వానికి మొదటిసారే. ఏమన్న చెప్పు గని అబద్ధం చెప్పకు. వానికి యాది లేదు, మన మాటనే ఉన్నది."

జనంలో బెదురుతాడని తమ్ముణ్ని అంత్యక్రియలకు తీసుకెళ్లలేదు. ఆ రోజు నాలుగింటికి కుర్చీ వేసి, సారు ఏరని అడిగాడు.

"సారు పోయిండురా."

"ఎటు పోయిండు?"

మన మాటలో ఊరికి పోయినా పోవడమే, కాటికి పోయినా పోవడమే. వాడు ఊరికనుకున్నాడు, నేను దిద్దలేదు.

మంగళవారం విప్పి చెప్పాను. వెక్కి వెక్కి ఏడ్చాడు, నేనూ ఏడ్చాను. బుధవారం మళ్లీ కుర్చీ, మళ్లీ అదే ఏడుపు. వాడికి సారు రోజూ ఆ రోజే చనిపోతున్నారు. గురువారం నాకు ధైర్యం చాలక మళ్లీ "పోయిండు" దగ్గరే ఆగాను. ఇది నిజమా, అబద్ధమా? అడుగుదామంటే ఆ మనిషే లేరు. చదివేవాళ్లలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి, నాకైతే పాలుపోవడం లేదు.

నిన్న వాడి నోటుబుక్కు తెరిచాను. వంకర అక్షరాలతో రాసుకున్నాడు: "సారు పోయిండు. అక్కను అడగొద్దు, ఏడుస్తది. నాలుగింటికి కుర్చీ వెయ్యాలె."

తలెత్తేసరికి నాలుగైంది. వాడు కుర్చీ వేసి, తువ్వాలతో తుడుస్తున్నాడు.