పొడి ఇసుక మీద ఆరాధన

ఈ కబురు నాకు మొదట తెచ్చింది మా చర్చి బస్సు నడిపే యాదగిరి. ఈస్టర్ మర్నాడు పొద్దున్నే మధురానగర్‌లో మా ఇంటి ముందు ఆగి, నా ఈతచాపలు రెండూ గుమ్మంలో దించి, లోపలికి రమ్మన్నా రాకుండా మెట్టు మీదే కూర్చున్నాడు. సముద్రతీరంలో సూర్యోదయ ఆరాధనకని మా సంఘం వాళ్ళు అడిగి పట్టుకెళ్ళిన చాపలవి. విప్పి దులిపితే ఉప్పు వాసన, ఎండిన సరుగుడాకు వాసన, వాటితోపాటు ఇసుక, ఇసుకలో ఒక తెల్లటి పెంకు ముక్క. కోడిగుడ్డు పెంకులా పెళుసుగా లేదు, పాత తోలులా వేళ్ళ మధ్య ముడుచుకుపోయింది. అదేమిటో నాకెవరూ చెప్పనక్కర్లేదు. సముద్రపు తాబేలు గుడ్డు పెంకు అది.

"అక్కా, గక్కడ మస్తు తప్పయింది" అన్నాడు యాదగిరి, తల ఎత్తకుండా. "మీకు చెప్పకుంటె నాకు బువ్వ దిగుతలేదు."

అతను చెప్పింది రాసేముందు ఆ తీరం నాకు ఏమవుతుందో చెప్పాలి.

నాకు చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. బడిలో సుద్దముక్క దుమ్ముకే ఎగశ్వాస వచ్చేది కనుక అమ్మ నాకు ఇంట్లోనే, వంటింటి గడప మీద పలక పెట్టి చదువు చెప్పింది. నాన్న మాసబ్ ట్యాంక్‌లో ఒక ప్రభుత్వాఫీసులో గుమాస్తా. అప్పుడు మేమున్న అమీర్‌పేటలో ఇప్పుడున్నన్ని కోచింగ్ బోర్డులూ హాస్టళ్ళూ లేని రోజులవి, అయినా చలికాలం పొగకు నేను తట్టుకోలేకపోయేదాన్ని. పంజగుట్టలో ఒక పెద్ద డాక్టరు గారు "సముద్రపు గాలి తగిలించండమ్మా" అన్నారు. సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో మా అమ్మకు అక్క ఉంది. మిగతా పిల్లలు పరీక్షలకు కుస్తీ పడుతుంటే, పరీక్షలే లేని నేను అమ్మతో రైలెక్కి, ఈస్టర్‌కు ముందొచ్చే శ్రమల కాలం నలభై రోజులూ పెద్దమ్మ ఇంట్లో గడిపేదాన్ని. ఈ రోజు నేను తీసుకునే ప్రతి ఊపిరికీ దేవుడి తర్వాత ఆ తీరానికే నా కృతజ్ఞత.

ఆ నలభై రోజులూ ఇంట్లో నీచు వండేవారు కాదు. లేత మామిడికాయ పప్పు, ములక్కాడల పులుసు, సాయంత్రాలు బెల్లం కలిపిన అటుకులు; పక్కిళ్ళ డాబాల మీద ఎండే నెత్తళ్ళ చేపల వాసన వచ్చినప్పుడల్లా నేనూ, పెద్దమ్మ కూతురు రూతక్కా ఒకరి మొహం ఒకరు చూసుకుని గుటకలు మింగేవాళ్ళం. ఒంటిపూట బడి నుంచి రూతక్క రాగానే ఇద్దరం సరుగుడు తోట దాటి పరిగెత్తేవాళ్ళం. తోట చివర రెండు కర్రలకు కట్టిన కొబ్బరితాడు ఉండేది. తాడుకు అవతల పెదనాన్న రాజ్యం.

పెదనాన్న అటవీ శాఖలో రోజుకూలీ కాపలాదారు. శీతాకాలం చివర్లో తాబేళ్ళు ఒడ్డెక్కి పొడి ఇసుకలో మూరెడు లోతున గుడ్లు పెట్టి, కప్పేసి వెళ్ళిపోతాయి. నెలన్నర దాటాక పిల్లలు ఇసుక తోసుకుని పైకి వస్తాయి. అంతవరకూ కుక్కల నుంచీ, కాకుల నుంచీ, అన్నిటికంటే ఎక్కువగా మనుషుల నుంచీ కాపాడటం ఆయన పని. గూడున్న చోటల్లా ఒక తాటిమట్ట గుచ్చేవాడు. చూడటానికి వచ్చినవాళ్ళను ఎప్పుడూ కాదనలేదు కానీ తాడు దగ్గరే చెప్పులు విప్పించేవాడు, చేతిలో బ్యాటరీలైటు ఉంటే తీసి తన సంచిలో వేసుకునేవాడు. ఆ తర్వాత ఒకటే మాట:

"తడి ఇసకలో నడవండర్రా. పొడి ఇసక మనది కాదు."

తడి ఇసుకలో పడ్డ అడుగును అల వచ్చి చెరిపేస్తుంది. పొడి ఇసుకలో పడ్డ అడుగు గుంటగా మిగిలిపోయి, అందులో పడిన బొటనవేలంత పిల్ల పైకి రాలేక ఎండకు మాడిపోతుంది. ఒకసారి టౌను నుంచి వచ్చిన బ్యాంకాయన "ఒక్క గూడు తవ్వి చూపించవయ్యా" అని పట్టుబట్టాడు. పెదనాన్న చేతులు కట్టుకుని ఎంతో మర్యాదగా, "మీ ఆవిడ గారి పురిటిగదిలోకి ఇంతమందిని పంపిస్తారేంటండీ?" అన్నాడు. బ్యాంకాయన భార్య పకపకా నవ్వి, భర్త చెయ్యి పట్టుకుని తడి ఇసుకలోకి లాక్కుపోయింది.

మా ఆటలు కూడా అవే. రూతక్క చింతపిక్కలు ఇసుకలో పాతి పైన చదును చేసేది. నేను కళ్ళు మూసుకుని, ఒక్క పిక్క కూడా తొక్కకుండా నీళ్ళదాకా నడవాలి. తొక్కితే "పిల్లల్ని చంపేశావే అమ్మాయ్!" అని వెంటపడేది. ఒక ఏడాది, ఇంకా పూర్తిగా తెల్లవారకముందే, పెదనాన్న మమ్మల్ని లేపి తీసుకెళ్ళి అల అంచున కూర్చోబెట్టాడు. ఇసుక ముందు కొంచెం కుంగింది, తర్వాత ఉడికే అన్నంలా కదిలింది, నల్లగా ఒక ముక్కు, దాని వెనక ఇంకొకటి, ఆపైన లెక్కపెట్టలేనన్ని. సముద్రం మీది వెలుగును చూసి అన్నీ అటే పాకాయి. నా పిల్లికూతల ఊపిరికి అవి ఎక్కడ బెదురుతాయోనని పావడా అంచు నోట్లో కుక్కుకున్నాను. అవన్నీ నీళ్ళు చేరాకే పెదనాన్న తడిసిన లాగుతోనే గుడికి వచ్చాడు. పాస్టరు గారు ఆయన వచ్చేదాకా ఆగి, అప్పుడు ఈస్టర్ పాట ఎత్తుకున్నారు.

ఇప్పుడు యాదగిరి చెప్పింది.

"ఇంక చీకటే ఉండె అక్కా. జనరేటర్ పెట్టిండ్రు, పెద్ద పెద్ద లైట్లు, మైకు. పొడి ఇసుకల కుర్చీలేసిండ్రు, గా మట్టలు అడ్డమొస్తున్నయని పీకి పక్కకు పడేసిండ్రు. పాట షురూ అయినంక కుర్చీల కిందికెల్లి ఏమో చిన్న చిన్నగ వస్తున్నయి. సముద్రం దిక్కు పోతలేవు, లైట్ల దిక్కు ఉరుకుతున్నయి. మనోళ్ళు ఫోన్లు తీసిండ్రు. మీ అక్క ఉరుక్కుంట వచ్చి, లైట్లు ఆపమని కాళ్ళు పట్టుకుంది. ఆకలైతుందేమో అనుకుని ఓ పెద్దమనిషి చేతిల కేకు ముక్క పెట్టిండు. నేనే పోయి జనరేటర్ బంద్ చేసిన. జర తొందరగ చెయ్యాల్సింది."

ఆ అక్క రూతక్కే. పెదనాన్న పోయాక ఆ కాపలా కూలి ఆమెకు వచ్చింది. తాడు ఎత్తింది కూడా ఆమే, ఎందుకంటే "మా సంఘం వాళ్ళు వస్తున్నారు, చూసుకో అక్కా" అని ఫోన్ చేసింది నేను. మోకాళ్ళ నొప్పితో నేను బస్సెక్కలేదు, చాపలు మాత్రం పంపాను. అంతకుముందు స్త్రీల కూటంలో ఆ తీరం గురించి కళ్ళనీళ్ళతో సాక్ష్యం చెప్పిందీ నేనే. గాలి గురించి చెప్పాను, స్వస్థత గురించి చెప్పాను, సూర్యోదయం గురించి చెప్పాను. తాడు గురించి, తడి ఇసుక గురించి చెప్పలేదు. నాకొచ్చిన కోపంలో మొదటి వాటా నాదే.

రెండో వాటా మా కార్యదర్శి ప్రభుదాసు గారిది. వారం తిరక్కుండానే, తాడు ఎత్తినందుకు అటవీ శాఖ వాళ్ళు రూతక్కను పనిలోంచి తీసేశారని తెలిసి, తప్పు సంఘానిదేనని ఒక ఉత్తరం రాసి ఇమ్మని అడగడానికి వెళ్ళాను.

"సంఘానికి చెడ్డపేరు కదమ్మా" అన్నారు. "మనం వెళ్ళింది ఆరాధనకే గానీ విహారానికి కాదు. జనం ఎంత సంతోషించారో తెలుసా? వచ్చే ఏడాదికి మూడు బస్సులు అడుగుతున్నారు."

"ప్రభుదాసు గారూ, సమాధిలోంచి బయటికి రావడం గురించి పాడుతూ, నేలలోంచి బయటికి వస్తున్న వాటిని కుర్చీలతో తొక్కాం మనం. అది ఎవరికి ఆరాధన అండీ?"

"తాబేళ్ళ కోసం ఇంత ఆవేశం ఏంటమ్మా మీకు? ప్రార్థన చేసుకోండి."

చేశాను. నా కోపం తీసెయ్యమని మాత్రం అడగలేదు. వచ్చిన ఆదివారం కూటంలో లేచి నిలబడి, అంతకుముందు నేను చెప్పకుండా వదిలేసినదంతా చెప్పాను. కొందరు తలలు వంచుకున్నారు, ఒకావిడ బయటికి వెళ్ళిపోయింది. ఉత్తరం నేనే రాశాను. యాదగిరి తెలిసిన అక్షరాలు కూడబలుక్కుని మొదటి సంతకం చేశాడు, పదకొండు మంది ఆడవాళ్ళు చేశారు, కమిటీలో ఒక్కరూ చెయ్యలేదు. జవాబు ఇంకా రాలేదు.

రూతక్కకు ఫోన్ చేస్తే నన్ను ఒక్క మాట అనలేదు. "పోన్లే చెల్లీ. నీకు ఆయాసం ఎలా ఉంది?" అంది. తిట్టి ఉంటే ఆ రాత్రి నిద్రపోయేదాన్ని.

గూళ్ళకు గుచ్చిన మట్టలు లేవట ఇప్పుడు. తాడు కట్టే కర్రలు ఎవరో పొయ్యిలోకి పట్టుకుపోయారట. సెలవు రోజుల్లో కార్లు నేరుగా పొడి ఇసుకలోకే దిగుతున్నాయట. కాపలాకు ఇంకా ఎవరినీ పెట్టలేదు. చలికాలం వస్తే తాబేళ్ళు మాత్రం వస్తాయి, వాటికి ఈ సంగతులేవీ తెలియవు.

చదివేవారిని ఒకటే అడుగుతున్నాను. మీరు ఏ తీరానికైనా వెళ్ళండి, వెళ్ళవద్దని నేను అనను. అక్కడ చిరిగిన చీర కట్టుకున్న ఒక మనిషి ఎదురొచ్చి లైటు ఆపమంటే, ఆమెకు తినడానికేదో కావాలనుకుని చేతిలో ఏదీ పెట్టకండి; లైటు ఆపండి. ఆపినప్పుడు మా రూతక్కను ఒక్కసారి తలచుకోండి. ముక్కూమొహం తెలియని రెండు బస్సుల జనాన్ని ఆమె లోపలికి రానిచ్చింది, నా మాట మీద నమ్మకంతో.