దద్దుర్లు తగ్గేదాకా తోడున్న నర్సమ్మగారు

మా పక్కింటి నర్సమ్మగారు పోయారని మా ఆయన ఫోన్ చేసి చెప్పేసరికి నేను ఆటోనగర్‌లో, పని చేసే స్పేర్ పార్ట్స్ షాపులోనే ఉన్నాను. లారీ బేరింగు కోసం వచ్చినాయన ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఆయనకి కావాల్సింది ఇచ్చి పంపేసి, అప్పుడు స్టూలు మీద కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఏడాదిగా కిడ్నీ జబ్బుతో, వారానికి మూడుసార్లు డయాలసిస్‌తో నలిగిపోయిన మనిషి. పోనీలే, ఇకనైనా ఆవిడకి విశ్రాంతి అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గేసింది కూడా.

గుణదలలో మా రెండిళ్లకీ మధ్య ఒక్క పిట్టగోడే అడ్డం. ప్రభుత్వాసుపత్రిలో పనిచేసి రిటైరయ్యాక కూడా ఆవిడ వీధిలో అందరికీ నర్సమ్మగారే. రంజాన్‌కి మా సేమ్యా వాళ్లింటికి వెళ్లేది, క్రిస్మస్‌కి వాళ్ల కేకు మా ఇంటికొచ్చేది. అంతకుమించి చనువు ఉండేది కాదు. ఆ చనువు నా దద్దుర్ల వల్ల వచ్చింది.

నాలుగేళ్ల కిందట మొదలయ్యాయి. పొద్దున లేచేసరికి పొట్ట మీద ఎర్రగా, ఉబ్బెత్తుగా, చీమలు కుట్టినట్టు దురద. సాయంత్రానికి అక్కడ మాయమై తొడల మీద తేలేవి. లంగా బొందు బిగిసిన చోట, హ్యాండ్‌బ్యాగు పట్టీ ఒత్తుకున్న చోట మరీ ఎక్కువ. డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి చూపించడానికి ఒక్కటీ మిగిలేది కాదు. మా అత్తమ్మ వంకాయ మాన్పించింది, తర్వాత చేపలు, తర్వాత గుడ్డు. అమ్మ దువా చదివి ఊదింది. షాపు దగ్గర ఒక క్లినిక్‌లో ఇంజెక్షన్ వేస్తే రెండ్రోజులు హాయిగా ఉండేది, మూడోరోజుకి మళ్లీ మామూలే. అట్లా ఎన్ని వేయించుకున్నానో. షాపులో తోటి అమ్మాయి నేను తాగిన గ్లాసు విడిగా పెట్టడం మొదలుపెట్టింది. ఆ అమ్మాయి తప్పని అనను. నాకే నా ఒంటిని చూస్తే రోతగా ఉండేది.

ఒకరోజు మేడ మీద బట్టలు ఆరేస్తూ, దువ్వెనతో చెయ్యి గీక్కుంటుంటే పిట్టగోడ అవతలి నుంచి ఆవిడ చూశారు. రమ్మన్నారు. ఎన్నాళ్ల నుంచని అడిగి, బాల్‌పెన్ను తీసి నా ముంజేతి మీది ఒక దద్దురు చుట్టూ గీత గీశారు. కడగొద్దు, రేపు ఇదే టైముకి రమ్మన్నారు. మర్నాడు గీత ఉంది, లోపల ఏమీ లేదు. "రోజు తిరక్కుండా మచ్చ కూడా లేకుండా పోయింది. ఇది దద్దురేనమ్మా. ఒకరి నుంచి ఒకరికి అంటేది కాదు" అన్నారు. నేను తాగి పెట్టిన గ్లాసులోనే నీళ్లు పోసుకుని తాగారు. షాపు సంగతి నేను ఆవిడకి చెప్పనేలేదు.

తర్వాత ఆవిడే నన్ను చర్మం డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లారు. థైరాయిడ్‌తో సహా రక్తపరీక్షలన్నీ చేయించారు, అన్నీ బాగానే ఉన్నాయి. ఆరువారాలు దాటి వస్తూనే ఉంటే, చాలామందిలో బయటి కారణమంటూ దొరకదని, ఒంట్లోంచే పుడుతుందని డాక్టరుగారు చెప్పారు. మత్తు రాని అలర్జీ మాత్ర రోజూ వేసుకోవాలి, దద్దుర్లు లేచినప్పుడు మాత్రమే కాదు. చాలకపోతే తామే డోసు పెంచుతామని, అప్పటికీ లొంగకపోతే నెలనెలా ఇచ్చే వేరే ఇంజెక్షన్ ఉందని అన్నారు. క్లినిక్‌లో నేను వేయించుకుంటున్నది స్టెరాయిడ్ అని అప్పుడే తెలిసింది.

కారణం దొరకలేదంటే నాకు మరింత దిగులేసింది. నేనేం పాపం చేశానో అని ఆవిడ దగ్గర ఏడ్చాను. "కారణం దొరకలేదంటే నీ తప్పేదో దాక్కుని ఉందని కాదు తల్లీ. ముందు వంకాయ కూర వండుకుని తిను" అన్నారు. ఆవిడది మెత్తటి నోరు కాదు. రెండ్రోజులు బాగుందని మాత్ర ఆపేస్తే గోడ మీంచే కేకలేసేవారు. కానీ గోక్కోవద్దని మాత్రం ఎప్పుడూ అనలేదు. అది చెప్పేవాళ్లకి తేలికని, తడిగుడ్డ ఇచ్చి వేసుకోమనేవారు. దద్దురు చర్మం మీద లేస్తుంది గానీ అలిసిపోయేది మనిషి అనేవారు. నా అలసటని రోగంలో భాగంగా లెక్కేసింది ఆవిడొక్కరే.

నొప్పి మాత్రలు కొందరికి దద్దుర్లని రేపుతాయి, అడక్కుండా వేసుకోవద్దని ఆవిడ ముందే హెచ్చరించారు. చల్లపల్లిలో మా చెల్లెలి నికాకి ఆవిడ కూడా వచ్చారు. ఎండకి తల పగిలిపోతుంటే, బంధువులెవరో ఇచ్చిన మాత్ర వేసేసుకున్నాను. అరగంట తిరక్కుండానే ఒళ్లంతా మంట, పెదాలు ఉబ్బాయి, గొంతు పట్టేసింది. వడ్డన మధ్యలోంచి ఆవిడ నా మొహం చూశారు. ఏం వేసుకున్నావని ఒక్కటే అడిగి, మా ఆయన్ని కారు తీయమన్నారు. నన్ను నడవనివ్వలేదు, ఇద్దరి చేత మోయించారు. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరుగారికి నాలుగు మాటల్లో అంతా చెప్పారు. ఆయన వెంటనే తొడకి ఇంజెక్షన్ ఇచ్చారు. ఊపిరి మళ్లీ ఆడటం నాకు గుర్తుంది. సాయంత్రం దాకా అక్కడే ఉంచారు. ఆ సాయంత్రమంతా ఆవిడ నా మంచం పక్కన కుర్చీలో, చెప్పులు విడిచి కూర్చున్నారు. ఒక్క మాట కూడా తిట్టలేదు.

ఆవిడ పాదాలు ఆరోజే వాచి ఉన్నాయి. నా పెదాల వాపు చూసిన అంతమందిలో ఆ పాదాల వాపు ఎవ్వరం పట్టించుకోలేదు. ఎండకి, నిలబడినందుకు అని ఆవిడా అన్నారు.

తర్వాత ఏడాదిలో నా దద్దుర్లు పల్చబడ్డాయి. డాక్టరుగారు మాత్రలు మెల్లగా తగ్గించి ఆపేశారు. నాకు తగ్గేకొద్దీ ఆవిడ ఇంటికి వెళ్లడం కూడా తగ్గింది. షాపు, ఇల్లు, అత్తమ్మ మోకాళ్లు. గోడ అవతలే కదా, రేపు వెళ్దామనుకునేదాన్ని.

పోవడానికి రెండు వారాల ముందు, ఒక ఆదివారం మధ్యాహ్నం వెళ్లాను. డయాలసిస్ చేయించుకొచ్చిన మర్నాడది, మంచం మీద బాగా నీరసంగా ఉన్నారు. ఆలస్యమైందని క్షమాపణ చెప్పబోతే చెయ్యి ఇలా తెమ్మన్నారు. అలవాటుగా నా మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి, గోడ గడియారం వైపు చూస్తూ నాడి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. పెదాలు కొంచెంసేపు కదిలాయి. లెక్క మధ్యలోనే నిద్రపట్టేసింది. వేళ్లు మాత్రం అక్కడే ఉన్నాయి. నేను చెయ్యి తీసుకోకుండా అలాగే కూర్చున్నాను.