మా గుమ్మానికి మొలిచిన కళ్ళు

గోదారమ్మ మీద ఒట్టు. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు. ఇది చదివి మా ఆవిడ నవ్వితే మీరు పట్టించుకోకండి.

పిఠాపురంలో మా అత్తగారి పాత పెంకుటిల్లు పడగొట్టినప్పుడు, వీధి గుమ్మం చుట్టూ ఉన్న టేకు పట్టీలను ఆవిడ జాగ్రత్తగా విప్పించి, రాజమండ్రిలో మా ఇంటికి పంపించారు. పోయిన మా మామగారు దగ్గరుండి చిత్రిక పట్టించినవి అవి. "అల్లుడు గారూ, వాటికి మేకు తగలనివ్వకండి, జిగురుతో అంటించుకోండి చాలు" అని ఫోన్లో మరీ మరీ చెప్పారు. అలాగేనండీ అన్నాను. మా గుమ్మానికి అంటించిన పట్టీ మర్నాడే ఊడి నా వీపు మీద పడింది. ఒళ్ళు మండి, డ్రిల్లు తెచ్చి మూరకొక స్క్రూ బిగించేశాను.

అంతలోనే అత్తగారు శుక్రవారానికి వస్తున్నట్టు కబురు.

"నాన్న గుర్తుగా మిగిలినవి అవేనండీ. ఆ స్క్రూలు చూస్తే అమ్మ తట్టుకోగలదా?" అంది మా ఆవిడ.

స్క్రూలన్నిటినీ ఇంకాస్త లోతుకి దించాను. మిగిలిన టేకు ముక్కలోంచి గుండ్రటి చెక్క బిళ్లలు కోసి, జిగురు రాసి, కన్నాల్లో దిగ్గొట్టాను. ఆరాక పైకి తేలినదాన్ని ఉలితో చెక్కి, గరుకు కాగితంతో రుద్దాను. చేతికి నున్నగానే తగిలాయి. కంటికి కనిపించకుండా ఉంటేగా! పట్టీల చారలు నిలువుగా, నా బిళ్లల చారలు అడ్డంగా. గుమ్మం గుడ్లప్పగించి చూస్తున్నట్టు తయారైంది.

మా ఆవిడ ఒక్కో బిళ్లకీ పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టేసింది. గుమ్మానికి బొట్లు ఎందుకని ఎవరడుగుతారు?

శుక్రవారం పూట ఏ ఇంట్లో ఉన్నా గుమ్మం పని అత్తగారిదేనన్న సంగతి ఇద్దరం మరిచిపోయాం. వస్తూనే, కాఫీ అయినా తాగకుండా, తడిగుడ్డతో పాత బొట్లు తుడిచేశారు.

"ఇవేంటి బాబూ?"

"కళ్ళండి అత్తయ్య గారూ. టేకు బాగా చేవకొస్తే కళ్ళు తెరుస్తుందటండి. ఈ గోదారి గాలికి ఇంకా తొందరగా."

"నేను కాపరానికొచ్చినప్పటి నుంచీ తెరవనిది, మీ ఇంటికి రాగానే తెరిచిందా? అదీ కొలిచినట్టు, మూరకొకటా?"

మా ఆవిడ వంటింట్లోకి తప్పుకుంది.

"మేకు వద్దన్నది పట్టీ చీల్చేస్తారని బాబూ. చీల్చలేదుగా!" అని నవ్వేశారు అత్తగారు.

ఇక ఒట్టు సంగతి. ఆ టేకు కళ్ళు తెరిచే కోత నేను నిజంగానే కోశాను. అత్తగారు అడగకముందే కోశాను. ఆవిడ నవ్వడం, ఆ మాటలు మాత్రం నా కల్పన. నిజానికి ఆవిడ ఒక్కో బిళ్లనీ వేలితో తడిమి చూశారు. పట్టీని పైనుంచి కిందదాకా అరచేత్తో నిమిరారు. తరువాత పసుపు గిన్నె అడిగి తీసుకుని, ఏ ఒక్కటీ వదలకుండా అన్నిటికీ మళ్ళీ బొట్లు పెట్టారు.