రాఘవన్ కూర్చున్న స్టూలు

లేని మనిషిని ఒకణ్ణి ఏళ్ల తరబడి మోస్తున్నాను. ఉన్న మనిషైతే ఎక్కడో ఒకచోట దించి, నీ దారిన నువ్వు పోరా అనవచ్చు. లేనివాణ్ణి ఎలా దించాలో నాకు తెలియలేదు. మీరెవరో కూడా నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెబితే నవ్వుతారు. నేను ఏం చెప్పినా నవ్వడం వాళ్లకు అలవాటు. ఆ అలవాటు చేసిందీ నేనే.

పుదుచ్చేరిలో ఒక కమ్యూనిటీ కాలేజీలో ట్యుటోరియల్ గదికి ఇన్‌చార్జిని. వెనకబడ్డ పిల్లలు క్లాసులయ్యాక వస్తే, ఎవరికి ఏ పాఠం రాలేదో కనుక్కుని, చెప్పగలిగినవాళ్ల పక్కన కూర్చోబెట్టడం నా ఉద్యోగం. కోతలు కోయడం నా వృత్తి. మా తాత ఫ్రెంచి దొరగారి కుక్కకు తెలుగు నేర్పాడనీ, ఆ తర్వాత అది దొర పిలిస్తే పలకడం మానేసిందనీ, చేసేది లేక దొరే మా తాత దగ్గర తెలుగు నేర్చుకున్నాడనీ చెప్పేవాణ్ణి. స్టాఫ్ రూములో అందరి టీలూ చల్లారిపోయేవి. అంత బాగా చెప్పేవాణ్ణి.

మొదట్లో నా గదికి ఎవరూ వచ్చేవాళ్లు కాదు. తప్పిన పేపర్లను ఇక్కడ అరియర్లంటారు. అరియర్లున్న పిల్లలకు ఆ గడప తొక్కడమంటే, నేను తప్పానని ఊరంతా చాటుకోవడమే. ఖాళీ బెంచీల మధ్య, ఫ్యాను కింద నేనొక్కణ్ణే కూర్చునేవాణ్ణి. అలా కూర్చుని రాఘవన్‌ను పుట్టించాను.

రాఘవన్ రాసిన పేపరల్లా అరియరే. తప్పీ తప్పీ, పరీక్ష హాల్లో అతనికి సొంత కుర్చీ ఉండేది. అలాంటివాడు ఒకరోజు నా గదికొచ్చి, కిటికీ పక్కనున్న ఈ స్టూలు మీద కూర్చున్నాడు. రోజూ కూర్చున్నాడు. ఒక్కొక్క పేపరే గట్టెక్కాడు. ఇప్పుడు పెద్ద ఓడలో ఇంజనీరు. ఓడను ఇక్కడ కప్పల్ అంటారు. పిల్లలకు ఇది తమిళంలో చెప్పేవాణ్ణి, కన్ను కొట్టి మరీ చెప్పేవాణ్ణి. వాళ్లు పడీపడీ నవ్వేవాళ్లు. ఒక్కరూ నమ్మలేదనే నా లెక్క. కానీ వచ్చారు. పరీక్షకు వెళ్తూ ఆ స్టూలును ఒకసారి ముట్టుకుని వెళ్లడం ఆనవాయితీ అయింది. గది నిండింది. ఇంతవరకూ నేను తప్పు చేశానని అనుకోను. అనుకోవాలేమో. ఒకసారి పని చేసిన అబద్ధం చేతిలో ఉంటే, మనిషి ఇంకో పనిముట్టు వెతుక్కుంటాడా?

దేవకి ఆ తర్వాత వచ్చింది.

నెల్లితోపు పిల్ల. నాన్న మిల్లులో పనిచేసేవాడు. వాళ్లదీ మాలాంటి ఇల్లే. ఎన్ని తరాల కిందట ఇక్కడికి వచ్చామో మాలో ఎవరికీ తెలియదు. వీధిలో తమిళం, కాలేజీలో ఇంగ్లీషు, తలుపు వేసుకున్నాక తెలుగు. అదీ నోటి తెలుగే, చదవడం చాలామందికి రాదు. నేను యానాంలో కొన్నాళ్లు పనిచేయబట్టి అక్షరాలు నేర్చుకున్నాను. నేనూ తెలుగువాణ్ణేనని తెలిసిన రోజు దేవకి గొంతు తగ్గించి తెలుగులో మాట్లాడింది. ఇంటి నుంచి తెచ్చుకున్న అన్నం గిన్నె మూత కాస్త తెరిచి చూపించినట్టు. నలుగురిలో సార్ అనేది. ఆ గొంతులో మాత్రం మామా అనేది.

ఆసుపత్రి సహాయకుల డిప్లొమా చదువుతోంది. నోటితో అడిగితే రానిదంటూ లేదు. రక్తం గుండెలోకి ఎటునుంచి వచ్చి ఎటు పోతుందో చేతులు తిప్పుతూ చెబితే, పక్క బెంచీవాళ్లు కూడా రాయడం ఆపి వినేవాళ్లు. కాగితం ముందు పెడితే ఆ పిల్ల వేరే పిల్ల. ఏమైందని అడిగితే, టౌన్ బస్సులో పోతా పోతా అంగడి బోర్డులు చదివినట్టుంటాది మామా, ఒక్క అచ్చరమూ నిలబడదు అంది. కళ్లు పరీక్ష చేయించారట. కళ్లలో ఏ దోషమూ లేదన్నారట.

ఇక్కడే ఆగాలని ఉంది. ఆగితే ఇది మళ్లీ కథ అవుతుంది.

అదేమిటో నాకు తెలుసు. కళ్లూ తెలివీ బాగానే ఉండి అక్షరాలు మాత్రం నిలబడని పిల్లలుంటారని, ఆసుపత్రికి పంపి పరీక్ష చేయించి సర్టిఫికెట్ తెప్పిస్తే పరీక్షలో ఎక్కువ సమయం ఇస్తారని, వాళ్లు చెబుతుంటే రాసిపెట్టే మనిషిని కూడా ఇస్తారని స్టాఫ్ మీటింగులో చదివి వినిపించారు. నేను నిద్రపోలేదు, విన్నాను. దేవకి ఆ మాట అన్నప్పుడు అది గుర్తుకు కూడా వచ్చింది. మరి నోట్లోంచి ఎందుకు రాలేదు? ఆఫీసుల చుట్టూ తిరగాలన్న బద్ధకమా? నా గదికీ నా స్టూలుకీ లొంగని పిల్ల ఒకతె ఉందని ఒప్పుకోవడం ఇష్టం లేకనా? రెండూ నిజమే అయి ఉండాలి. మూడోది కూడా ఉంది, అది చెప్పడం కష్టం. కథ చెప్పినప్పుడు ఎదుటి మనిషి ముఖంలో ఒక వెలుగు వస్తుంది. సర్టిఫికెట్ మాట చెబితే అది రాదు.

రాఘవన్‌కూ అంతే, వాడికీ అక్షరాలు నిలబడేవి కావు, కూర్చోగా కూర్చోగా నిలబడ్డాయి అన్నాను. వాడు మనవాడే, ఒర్లియంపేట కుర్రాడు అని కూడా అన్నాను. తెలుగులో అన్నాను. కన్ను కొట్టలేదు.

ఆ పిల్ల రోజూ వచ్చి స్టూలు మీద కూర్చుంది. అందరూ వెళ్లిపోయాక కూడా కూర్చునేది. ఒక రోజు నా బల్ల దగ్గరికి వచ్చింది.

"మామా, ఆ రాఘవన్న నెంబరు ఇస్తావా?"

"నెంబరెందుకే?"

"అడగాల. కూచున్న ఎన్నాళ్లకి అచ్చరాలు నిలబడినాయో అడిగి, పెట్టేస్తా. ఎక్కువసేపు మాట్లాడన్లే."

"వాడు కప్పల్‌లో ఉండాడు తల్లీ. నడి సముద్రంలో సిగ్నల్ యాడిది?"

"మళ్లా ఎప్పుడొస్తాడు?"

"వానలు పోయినాక వస్తాడు."

"సుమ్మా, ఉత్తినే చెప్పలేదు గదా మామా? నువ్వు అన్నీ కతలే చెప్తావంట. క్లాసులో పిలకాయలు నన్ను ఎగతాళి చేస్తా ఉండారు."

"వాళ్లకు చెప్పేది కత. నీకు మన మాటలో చెప్తే అది కతెట్లా అవుతాది?"

దేవకి ముఖం విచ్చుకుంది. "నేనూ వాళ్లతో అదే అంటి. ఇంటి మాటలో ఎవురైనా అబద్ధం చెప్తారా ఏంది, అని."

నేను నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవులకు వినిపిస్తుంది.

వానలు పోయాయి. రాఘవన్ వచ్చి వెళ్లాడని చెప్పాను, నీ గురించి చెబితే ఆ పిల్లను వదలొద్దన్నాడని చెప్పాను. పరీక్షలయ్యాయి. రాసిన పేపరల్లా పోయింది. ఆ తర్వాత దేవకి గదికి రాలేదు. కొన్నాళ్లకు కాలేజీకే రాలేదు. రాఘవన్నకి వచ్చినాయి, నాకు రాలేదంటే నా బుర్రలోనే ఏమీ లేదు, అని వెళ్లిపోయిందని ఆమె స్నేహితురాలు చెప్పింది. నేను లేకుండా ఉంటే ఆ పిల్ల తప్పేది, అంతే. తప్పినందుకు తానే కారణమనుకునేలా చేసింది నేను.

ఇప్పుడు సారం అనే పేటలో ఒక బట్టల కొట్లో చీరలు మడత పెడుతోంది. ఆ కొట్టు ముందు బస్సు ఆగుతుందని నేను ముందు స్టాపులోనే దిగి పక్క వీధిలోంచి నడుస్తాను. ఒకసారి తప్పించుకోలేక ఎదురుపడ్డాను. రాఘవన్న బాగుండాడా మామా అని అడిగింది. వ్యంగ్యం లేదు. నిజంగానే అడిగింది. బాగుండాడమ్మా అన్నాను.

ఈ ఏడు మా గది పద్ధతిని బాగుచేస్తున్నారు. కొత్తగా ఒక మేడం వచ్చింది. వయసులో చిన్నదే. గదికి వచ్చే ప్రతి ఒక్కరిచేతా మొదటిరోజే ఒక పేజీ గట్టిగా చదివించి వినాలంటోంది. తడబాటు వేరుగా ఉంటే ఆసుపత్రికి తానే తీసుకెళతానంటోంది. మీటింగులో అందరి వైపూ చూసి, ఇలాంటి పిల్లలు మునుపెవరైనా వచ్చి వెళ్లిపోయారా, ఉంటే చెప్పండి, వెనక్కి పిలుద్దాం, ఆ పేపర్లు ఇంకా రాసుకోవచ్చు అంది.

అందరూ నా వైపు చూశారు. ఆ గది నాది కదా. నోరు తెరిస్తే ఏదో ఒకటి పుట్టే నాకు, ఒక్క పేరు చెప్పడం చేతకాలేదు. ఎవరూ లేరు మేడం అన్నాను. దొరగారి కుక్క కథ చెప్పాను. నవ్వారు.

ఆ పిల్లకు దారి తెలిసీ చెప్పకపోవడం అది రెండోసారి. మొదటిసారి నాకు బుద్ధి లేదనుకుందాం. రెండోసారికి ఏమనుకోవాలి?

ఇదంతా తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. దేవకికి ఇది చదవడం రాదు. తమిళంలో రాసినా అక్షరాలు ఆమెకు నిలబడవు. అది తెలిసే రాస్తున్నానా? అవుననే అనుకుంటున్నాను. కాగితం మీద ఎంత ఒప్పుకున్నా ఆ పిల్లకు చేరదు. నోటితో చెప్పాలి, మా ఇంటి మాటలోనే చెప్పాలి. మేడంకు పేరు చెప్పాలి. సారంలో బస్సు దిగాలి. దిగితే దేవకి ఏమంటుందో నాకు తెలియదు. ఏమన్నా పడాలి. ఏమీ అనకపోతే అదీ పడాలి.

పిల్లలందరూ వెళ్లాక ఇందాక ఆ స్టూలు మీద కూర్చుని చూశాను. ఇన్నేళ్లలో నేను దాని మీద ఎప్పుడూ కూర్చోలేదు. ఒక కాలు పొట్టి, ఊగుతోంది. దాని మీద అంతసేపు ఎలా కూర్చుందో. ఎదురుగా ఎవరూ లేకపోయినా పైకే అన్నాను, ఇంట్లో మాట్లాడినట్టే.

రాఘవన్న లేడు దేవకీ. కప్పల్‌లో లేడు, ఒర్లియంపేటలో లేడు. యాడా లేడమ్మా.