తెల్ల ఎలుగుబంటిని గీయనన్న టీచరమ్మ

ఉప్పాడ దగ్గరి ఒక పల్లెలో దేవిశ్రీ డ్రాయింగ్ టీచరు. 2007లో నగరం నుంచి ఒక సంస్థవాళ్లు వచ్చి, భూమి వేడెక్కి సముద్రం పెరుగుతోందని జనానికి చెప్పే పోస్టరు గీసిపెట్టమన్నారు. అలలు మింగేసిన జాలర్ల వీధిని, కూలిన గోడలతో సహా ఆమె గీసి ఇచ్చింది.

"ఇది మరీ ఏడుపుగా ఉందండి. కరిగిపోతున్న మంచు మీద తెల్ల ఎలుగుబంటిని వేయండి. చూసినవాళ్లకి జాలి కలుగుతుంది," అన్నాడు వాళ్ల అధికారి.

దేవిశ్రీకి ఒళ్లు మండిపోయింది. "ఇళ్లు పోయిన మావాళ్ల మీద జాలి కలగదా అండి? ఎలుగుబంటిని ఇక్కడ ఎవరు చూశారండి?" అని బొమ్మ లాక్కుని వచ్చేసింది.

మర్నాడు దాన్నే బడి గోడ మీద పెద్దదిగా వేసింది. చేపలమ్ముకుని తిరిగొస్తున్న వీరవేణి గంప దించి, "ఇదే మా గుమ్మం!" అంటూ వేలు పెట్టి చూపించింది. జనం మూగారు. ఎవరి ఇల్లు ఎక్కడుండేదో వాళ్లు చెబుతుంటే దేవిశ్రీ గీస్తూ పోయింది.

"ఇకమీదట సముద్రం ఎందాకా వస్తాదండి టీచరుగారూ?" అని వీరవేణి అడిగింది.

దేవిశ్రీ బొమ్మ చివర తమ బడిని కూడా గీసి, కుంచెను నీలం రంగులో ముంచి, బడిని దాటేలా సముద్రపు గీత లాగింది.

"ఇదంతా మీకు చూపించకుండా ఎలుగుబంటిని చూపించమన్నారమ్మా ఆ నగరంవాళ్లు," అంది.